పురుగుల మేడమ్

మా జువాలజీ మేడమ్ గారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చేత్తో పట్టుకుని, వరండాలో కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆవిడ తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను కాలేజీ స్టాఫ్ రూములో ఫస్ట్ పీరియడ్ ముగించుకుని మంచినీళ్ళు తాగుతున్నాను.

"అమ్మా, అక్క వెళ్ళిపోయిందమ్మా. ముందు నీకే చెప్పాలనిపించింది," అన్నారాయన.

"వస్తానండీ బాబాయి గారూ," అన్నాను. ఆయన వెనకాల ఎవరో మంచం జరుపుతున్న చప్పుడు ఫోనులో వినిపించింది.

వెంటనే బయల్దేరాల్సింది. కానీ నా బదులు క్లాసుకి వెళ్ళేవాళ్ళెవరూ లేరు. రెండో పీరియడ్‌కి వెళ్ళి మూత్రపిండాల పాఠం చెప్పాను. బోర్డు మీద నెఫ్రాన్ బొమ్మ గీశాను. పిల్లలు రాసుకున్నారు. ఏడుపేమీ రాలేదు. ఒళ్ళంతా నీరసంగా ఉంది, అంతే. ఈ మధ్య ఏం జరిగినా నాకు ముందు వచ్చేది ఆ నీరసమే. దుఃఖం ఆ వెనకాల ఎప్పుడో తీరిగ్గా వస్తుంది.

మీలో చాలామందికి ఆవిడ తెలిసి ఉండరు. నరసాపురం చుట్టుపక్కల డిగ్రీ చదివినవాళ్ళలో కొందరికి తెలుసు. వాళ్ళకి కూడా పేరుకన్నా "పురుగుల మేడమ్" అంటేనే గుర్తొస్తారు. ఆ పేరు మాకంటే ముందు బ్యాచ్‌ల వాళ్ళు పెట్టింది. ఆవిడకీ తెలుసు. "పాముల నరసయ్య, కోళ్ళ సుబ్బమ్మ ఉన్నట్టు నేనూ ఒకదాన్ని. ఎవరి సరుకు వాళ్ళది," అనేవారు.

ఆవిడ సరుకు పరాన్నజీవులు. ఇంకొకళ్ళ ఒంట్లో చేరి, వాళ్ళ తిండి తిని, వాళ్ళ వెచ్చదనంలో బతికే పురుగులు. చేప పేగుల్లో ఉండేవి, గేదె కార్జంలో ఉండేవి, మన నెత్తుట్లో తిరిగేవి. ఆవిడ పీహెచ్‌డీ చేసింది చేపల్లో పురుగుల మీద. పొద్దున్నే కాలేజీకి వచ్చే దారిలో చేపల మార్కెట్‌కి వెళ్ళి, స్టీలు క్యారేజీలో పేగులు పెట్టించుకుని తెచ్చేవారు. మార్కెట్లో పాతవాళ్ళందరికీ ఆవిడ అలవాటే. ఒకసారి కొత్తగా బుట్ట దించిన ఒకావిడ, పాపం చేప కొనుక్కునే స్తోమత లేదు కాబోలనుకుని, పేగులతో పాటు రెండు కొరమీను ముక్కలు కూడా క్యారేజీలో పడేసిందట. ఆ సంగతి మేడమ్ గారు మాకు ల్యాబులో నవ్వుతూ చెప్పారు.

"మరి మీరు వద్దనలేదా మేడమ్?" అని అడిగాను.

"ఎలా వద్దంటామే? పెట్టిన చెయ్యి చిన్నబోదూ! పులుసు పెట్టుకున్నాను."

మా ల్యాబు ఒక పాత గది. వాన పడితే కిటికీ పక్క బల్ల తడిసేది. ఫార్మలిన్ వాసనకి కళ్ళు మండేవి. నల్ల రంగు వేసిన ట్రేలో ఉప్పునీళ్ళు పోసి, పేగుని కత్తెరతో పొడుగునా చీల్చి మెల్లగా కడిగేవారు. నల్లటి అడుగు మీద తెల్లగా, దారం ముక్కలా ఏదో కదిలేది. "అదిగో, లేచాడు" అనేవారు. ముక్కు మూసుకున్న అమ్మాయిల్ని ఏమీ అనేవారు కాదు. "మూసుకో, కానీ కళ్ళు మాత్రం తెరువు," అనేవారంతే.

గేదె కార్జపు జలగని ఎర్ర రంగులో నానబెట్టి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద మొట్టమొదట నాకు చూపించింది ఆవిడే. అప్పటిదాకా అది నాకు ముద్దలా కనిపించింది. కింద పెట్టి చూస్తే ఆకు ఈనెల్లాగా కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుని ఉంది. నేను కళ్ళు తియ్యలేదు. వెనకాల నిలబడి, "బాగుంది కదూ," అన్నారు. "గేదెని చిక్కి శల్యం చేసేది ఇదే. అయినా బాగుంది. రెండూ నిజమే. ఒకటి ఒప్పుకోవడానికి రెండోది కాదనక్కర్లేదు."

ఇప్పుడు నేను డాక్టరు సీటు కోసం పరీక్ష రాసే పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. మా దగ్గర పరాన్నజీవులన్నీ కలిపి ఒక్క గంటలో అయిపోతాయి. పురుగు పేరు, మోసుకొచ్చే దోమ పేరు, రోగం పేరు. కింద నాలుగు ఆప్షన్లు. ఒకసారి మేడమ్ గారు నా ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఏమే, ఇంతేనా?"

"సిలబస్ అంతే మేడమ్."

"సరేలే. నువ్వు మాత్రం ఏం చేస్తావ్," అని కాగితం మడిచి నా బ్యాగులో పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

ఆవిడ ఎడమకాలు బోదకాలు. ముందే చెప్పాల్సిన మాట, ఇక్కడిదాకా రాశాక చెప్తున్నాను. ఆవిడ పరిచయమైనవాళ్ళకి కూడా సంగతి ఇలా ఆలస్యంగానే తెలిసేది. చీర నేల రాసుకునేటట్టు కట్టేవారు. నడక నెమ్మది. పాలకొల్లులో ఒక చెప్పులు కుట్టే ఆయన దగ్గర ప్రత్యేకంగా కుట్టించుకున్న చెప్పులు, ఎడమది వెడల్పు, కుడిది మామూలు. మొదటి ఏడాదంతా మేము ఆవిడ కాలు విరిగి అతుక్కుందనుకున్నాం.

రెండో ఏడాది ఫైలేరియా పాఠం వచ్చింది. పుస్తకంలో ఒక మనిషి కాళ్ళ ఫోటో ఉంది, మొహం లేకుండా. వెనక బెంచీలో ఎవరో ఏదో అన్నారు. నవ్వులు మొదలయ్యాయి. మేడమ్ గారు పాఠం ఆపి, స్టూలు ముందుకు లాక్కుని, దాని మీద ఎడమకాలు పెట్టి, చీర కుచ్చిళ్ళు మోకాలి దాకా ఎత్తారు. క్లాసు బిగుసుకుపోయింది.

"ఫోటోలో సరిగ్గా పడలేదు. ఇక్కడ చూడండి," అన్నారు మామూలు గొంతుతోనే. "మన ఒంట్లో నెత్తురు కాలవలు కాక, తెల్లటి నీరు పారే సన్న కాలవలు కూడా ఉంటాయి. ఈ పురుగు వాటిల్లో కాపురం పెడుతుంది. మన కాలవ లాకుల దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే నీరు ఎటు పోతుంది? చేలోకి ఎక్కుతుంది కదా. ఇదీ అంతే. నాకు తొమ్మిదో క్లాసులో మొదటిసారి చలిజ్వరం వచ్చింది, గజ్జల్లో బిళ్ళ కట్టింది. అమ్మ వేపాకు కట్టు కట్టింది. పదో క్లాసుకి చెప్పు పట్టడం మానేసింది. రాసుకోండి."

ఎవరూ రాసుకోలేదు. నవ్వినవాళ్ళలో ఒకబ్బాయి తల దించుకున్నాడు. ఆవిడ వాడి వైపు చూడనైనా చూడలేదు. చీర దించుకుని, దోమ జీవితచక్రం బొమ్మ గీయడం మొదలుపెట్టారు.

ఒక వేసవి సెలవుల్లో ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కి చదువుకోవడానికి ఆవిడ ఇంట్లో ఉన్నాను. మా నాన్నగారికి అప్పట్లో జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోటల్లో పని. అక్కడ చదువు సాగదని మేడమ్ గారే రమ్మన్నారు. ఆవిడకి పెళ్ళి కాలేదు. అడిగితే, "రావాల్సినవాళ్ళు కాలు చూసి ఆగారు. కాలు చూసీ వచ్చినవాడు నాకు నచ్చలేదు," అన్నారు. ఆ మాట అంటూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. చెయ్యి ఆగలేదు.

రోజూ పొద్దున్న పెరట్లో పీట మీద కూర్చుని, గోరువెచ్చటి నీళ్ళతో, సబ్బుతో ఆ కాలు కడుక్కునేవారు. మడతల మధ్య, వేళ్ళ సందుల్లో, తొందరలేకుండా. తరవాత పాత నూలుచీర ముక్కతో తడి అద్దుకునేవారు. తడి నిలిస్తే పుండు పడుతుంది, పుండు పడితే జ్వరం వస్తుంది, జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం పెరుగుతుంది. మందులు పురుగు పిల్లల్ని చంపుతాయి గానీ పెరిగిన కాలుని తగ్గించవు. దాన్ని ఉన్నచోట ఆపడానికే ఇంత కష్టం. ఆదివారం చర్చికి ఆలస్యమైనా సరే, ఇది మాత్రం మానేవారు కాదు.

సాయంత్రాలు కాలు దిండు మీద పెట్టుకుని, "అలసిపోయానే," అనేవారు. మొదట్లో నేను కాలు నొప్పి అనుకుని నూనె తెస్తానన్నాను. "కాలు కాదే. నేను," అన్నారు.

ఇప్పుడు నేను కూడా ఇంటికొచ్చి అదే మాట అంటున్నాను. నాకు రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి.

ఆవిడ రిటైరైన తరవాత జరిగిన ఒక సంగతి చెప్పాలి. మంచి సంగతే అనను. ఆవిడ గురించి రాస్తూ అది వదిలేస్తే మాత్రం ఆవిడ ఒప్పుకోరు.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే చేపలు పట్టేవాళ్ళ పేట ఒకటి ఉంది. అక్కడ ఆశా వర్కరు మేడమ్ గారి దగ్గర చదువుకున్న అమ్మాయి. ఏటా బోదకాలు మాత్రలు ఇంటింటికీ ఇస్తారు కదా, ఆ ఏడాది మాత్రలు మింగిన ఒక కొత్తకోడలికి ఆ రోజే వాంతులు, కళ్ళు తిరగడం, జ్వరం. పేటంతా గగ్గోలు. పిల్లలు పుట్టకుండా చేసే మాత్రలని ఎవరో పుట్టించారు. మర్నాడు మాత్రల డబ్బాతో వెళ్ళినవాళ్ళని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆశా అమ్మాయి ఏడుపు గొంతుతో మేడమ్ గారికి ఫోన్ చేసింది.

నాకు ఆదివారం సెలవు. ఇద్దరం షేర్ ఆటోలో వెళ్ళాం. వలలు బాగుచేసుకునే పాకలో ఆడవాళ్ళు పోగయ్యారు. మగవాళ్ళు చాలామంది వేటకి వెళ్ళి ఉన్నారు. మేడమ్ గారికి కుర్చీ వేశారు. ఆవిడ కూర్చుని, ఏ ముందుమాటా లేకుండా చీర కొంచెం పైకి జరిపారు. గుసగుసలు ఆగిపోయాయి.

ముందు కూర్చున్న ఒక పెద్దావిడ అడిగింది. "మీరు మింగారా అండీ, ఈ మాత్తర్లు?"

"మింగానమ్మా. ఏటా మింగుతాను."

"మరి మీ కాలు తగ్గలేదేటండీ?"

పాకలో అందరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

"తగ్గదమ్మా," అన్నారు మేడమ్ గారు. "ఇది నాతోనే మట్టిలోకి వస్తుంది. నా చిన్నప్పుడు ఈ మాత్రలు మా ఊరికి రాలేదు. నాకోసం కాదు నేను వచ్చింది. మీ పిల్లల కాళ్ళకి ఇది రాకూడదని వచ్చాను."

ఆశా అమ్మాయి వంగి, "అలా చెప్తే ఎలా మేడమ్? తగ్గుతుందనుకుని అయినా మింగేవాళ్ళు," అని చెవిలో గొణిగింది.

"అబద్ధం చెప్తే ఈ ఏడు మింగుతారే. వచ్చే ఏడు నిన్ను కొడతారు," అన్నారావిడ, అందరికీ వినిపించేట్టే. ఒకరిద్దరు నవ్వారు. గాలి కొంచెం తేలికపడింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పెద్దావిడ మళ్ళీ అడిగింది. "మరి మా కోడలికి జొరమెందుకొచ్చిందండీ?" అప్పుడు తెలిసింది, వాంతులైన పిల్ల ఈవిడ కోడలేనని. ఆ పిల్ల కూడా స్తంభానికి ఆనుకుని అక్కడే కూర్చుని ఉంది.

మేడమ్ గారు పాఠం చెప్పినట్టు చెప్పేశారు. ఒంట్లో పురుగు పిల్లలు లేనివాళ్ళకి ఈ మాత్రలతో ఏమీ కాదని, ఉన్నవాళ్ళకి అవి చచ్చేటప్పుడు ఇలా జ్వరం, వాంతులు వస్తాయని, రెండు రోజుల్లో తగ్గిపోతుందని. "అంటే మందు పని చేసిందన్నమాట. భయపడక్కర్లేదు."

ప్రతి మాటా నిజం. ఆ నిజం విని చాలామంది మాత్రలకి చెయ్యి చాపారు. కానీ ఆ పిల్ల మాత్రం, "అంటే నాలో ఉన్నాయాండీ?" అంది. మొహం పాలిపోయింది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఇద్దరు కొంచెం జరిగారు. కొంచెమే. నేను చూశాను. మేడమ్ గారూ చూశారు.

తిరుగు ఆటోలో వచ్చాం. ఇంటి దగ్గర దిగేటప్పుడు, "నలుగుర్లో చెప్పకూడదు. పక్కకి పిలిచి చెప్పాలి. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి ఇది నేర్చుకోలేదు నేను," అన్నారు.

కొద్ది రోజులకి ఆశా అమ్మాయి దగ్గర్నించి కబురొచ్చింది. అత్తగారు ఆ పిల్లని కాకినాడలో పుట్టింటికి పంపేసింది. పురుగులున్న పిల్లని తమకి అంటగట్టారని వియ్యాలవారి మీద గొడవ. వాళ్ళూ కాకినాడ హార్బర్‌లో చేపలమ్ముకుని బతికేవాళ్ళే. అబ్బాయి ఎటూ చెప్పలేక వేట మీద వేటకి వెళ్ళిపోతున్నాడు.

ఆ రోజు నుంచి మేడమ్ గారు ఆ పేటకి తిరగడం మొదలుపెట్టారు. ఆ కాలితో, ఆ ఎండల్లో, బస్సు దిగి ఇసకలో నడిచి. వీలైనప్పుడల్లా నేను వెంట వెళ్ళేదాన్ని. అత్తగారు లోపలికి రమ్మనేది కాదు. మంచినీళ్ళిచ్చేది, మాట్లాడేది కాదు. మేడమ్ గారు గుమ్మం ముందు అరుగు మీద కూర్చునేవారు. ఆవిడ ఎండుచేపలు తిరగేస్తూ ఉంటే ఈవిడ చూస్తూ ఉండేవారు. కాసేపటికి లేచి, "వస్తానమ్మా," అనేవారు. అంతకన్నా జరిగేదేమీ లేదు. నాకు విసుగొచ్చేది.

"ఎందుకు మేడమ్, వినరు వాళ్ళు," అన్నాను ఒకసారి బస్సులో.

"వినకపోతే మానె. నేను చెడగొట్టిన ఇల్లు. కనీసం గుమ్మంలో కూర్చోవద్దూ?"

ఒకరోజు మేము వెళ్ళేసరికి అబ్బాయి ఇంట్లో ఉన్నాడు. మమ్మల్ని చూసి బయటికొచ్చి నిలబడ్డాడు. బలంగా, నల్లగా, ఎండకి రాటుదేలిన మనిషి. చాలాసేపు మేడమ్ గారి కాళ్ళ వైపు చూసి అడిగాడు.

"ఇది ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అంటుకుంటుందాండీ? పక్కన పడుకుంటే?"

ఈసారి మేడమ్ గారు వెంటనే నోరు విప్పలేదు. "పక్కకొస్తావా బాబూ," అని పడవలు లాగి ఉన్న వైపు నడిచారు. నేను దూరంగా నిలబడ్డాను. తిరిగొచ్చాక ఆవిడే చెప్పారు. పక్కన పడుకుంటే రాదని, దోమ కుడితే వస్తుందని, ఆ దోమ ఇంటి వెనక మురుగ్గుంటలో పుడుతుందని, అది పేటలో ఎవర్ని కుట్టాలో చూసుకోదని. వేలి నుంచి చుక్క నెత్తురు తీసి, చిన్న పట్టీ మీద వేసి చూస్తే ఉందో లేదో తెలుస్తుందని. ఆరోగ్య కేంద్రానికి వచ్చి అందరికంటే ముందు తనకే చూడమని ఆ అబ్బాయే అడిగాడట.

ఆ పరీక్ష మర్నాడు జరిగింది. నేను లేను, ఆశా అమ్మాయి చెప్పింది. పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి. ఒక్కరోజూ జ్వరం ఎరగని మనిషి, మాత్రలిచ్చిన రోజు సముద్రం మీద ఉన్నాడు, మింగలేదు. తనలోనూ ఉంది. ముందునుంచీ ఉండి ఉండాలి. అతను ఆ పట్టీని చూసి, అక్కడే బెంచీ మీద కూర్చుని కాసేపు ఆలోచించి, నేరుగా ఇంటికి వెళ్ళాడట. ఎండుచేపల దగ్గర కూర్చున్న తల్లి ముందు నిలబడి అడిగాడట.

"అమ్మా, నాక్కూడా ఉందంట. మరి నన్నెక్కడికి పంపుతావే?"

రెండ్రోజులు ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదట. మూడో రోజు ఆవిడే కొడుకుని వెంటబెట్టుకుని కాకినాడ బస్సెక్కింది.

కోడలు వెంటనే రాలేదు. "నన్ను పంపినప్పుడు నాలుగు వీధుల్లోంచి పంపారు. తీసుకెళ్ళేటప్పుడూ అలాగే తీసుకెళ్ళండి," అందట. ఇంకోసారి వెళ్ళారు, ఈసారి పేట పెద్దల్ని కూడా పెట్టుకుని. అప్పుడు వచ్చింది. ఇప్పుడు వాళ్ళకి ఇద్దరు పిల్లలు. ఆ పేటలో ఏటా మాత్రలు మింగుతున్నారు. అందరూ కాదు. ఆ అత్తగారు నాకు తెలిసి ఇప్పటికీ మింగలేదు.

కానీ ఆ అమ్మాయి మేడమ్ గారితో మళ్ళీ మాట్లాడలేదు. నరసాపురం మార్కెట్లో ఎదురుపడితే తల తిప్పుకునేది. ఒకసారి నా కళ్ళ ముందే జరిగింది. నాకు కోపం వచ్చింది. "ఎంత తిరిగారు మీరు ఆ పిల్ల కోసం! ఒక నమస్కారమైనా పెట్టదా?" అన్నాను.

"పెట్టక్కర్లేదు," అన్నారు మేడమ్ గారు. "తిరిగింది నా తప్పు దిద్దుకోడానికి. తల తిప్పుకునే హక్కు దానికి ఉంది. కాళ్ళు చూశావా, సన్నగా ఉన్నాయి. చాలు." అని వంకాయలు ఏరుకోవడంలో పడ్డారు.

చివరి రెండేళ్ళూ ఆవిడ పెద్దగా బయటికి వెళ్ళలేదు. చూపు మందగించింది. మైక్రోస్కోపు భోజనాల బల్ల మీదే ఉండేది, దిండు గలీబు తొడిగి. నేను వెళ్ళినప్పుడు పాత స్లైడు ఏదో పెట్టి, "ఏం కనిపిస్తోంది చెప్పు," అనేవారు. నేను చూస్తూ చెప్తుంటే కళ్ళు మూసుకుని వినేవారు. నా మాటల్లో ఏదైనా తప్పిపోతే, "కుడి పక్కకి జరుపు, అక్కడ పట్టుకునే సక్కర్ ఉండాలి," అనేవారు. ఉండేది.

కిందటి నెలలో వెళ్ళినప్పుడు నేను చాలా నీరసంగా ఉన్నాను. వరసగా పరీక్షలు, పేపర్లు దిద్దడం, ర్యాంకులు తగ్గాయని మీటింగులు. ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, నాకిక చేతకావడం లేదని, చెప్పిందే చెప్తున్నానని, ఒక్క పిల్లకైనా ఒక్క పురుగుని చూపించలేదని, ఏవేవో అన్నాను. ఏదైనా ధైర్యం చెప్తారనుకున్నాను.

"పడుకో," అన్నారు. "లోపల మంచం మీద దుప్పటి ఉతికిందే. ఒక గంట పడుకో. లేచాక టీ తాగుదాం."

నిజంగానే పడుకున్నాను. లేచేసరికి సాయంత్రమైంది. ఆవిడ వరండాలో అదే కుర్చీలో ఉన్నారు. టీ తాగాం. కాలవ మీద కొంగలు వాలడం గురించి మాట్లాడుకున్నాం. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు ఇద్దరమూ. ఆవిడని చూడడం అదే ఆఖరు.

ఫోన్ వచ్చిన రోజు సాయంత్రానికి నరసాపురం చేరాను. ఆవిడ మొహం మామూలుగానే ఉంది, పేపర్లో ఏదో చదివి విసుక్కున్నట్టు. పాత విద్యార్థులు వచ్చారు, మార్కెట్ వాళ్ళు వచ్చారు. పాలకొల్లు నుంచి చెప్పులు కుట్టే ఆయన వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆశా అమ్మాయి పేట నుంచి పదిమందిని వెంటబెట్టుకొచ్చింది. కాకినాడ పిల్ల రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు.

సమాధి గోదావరి అవతల, సఖినేటిపల్లి వైపు, వాళ్ళ అమ్మానాన్నల పక్కన. అది ఆవిడ కోరికే. మర్నాడు పొద్దున చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టెని రేవుకి తెచ్చారు. ఏరు దాటించే పంటు సిద్ధంగా ఉంది. నేను అవతలికి వెళ్ళలేదు. మధ్యాహ్నం క్లాసులకి రాకపోతే కుదరదని ప్రిన్సిపాల్ ముందే చెప్పారు. తమ్ముడుగారు నా చెయ్యి పట్టుకుని, "పర్లేదమ్మా, అక్కకి తెలుసు," అన్నారు.

పంటు మీద మామూలు రోజు జనమే. మోటారుసైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, సైకిలు మీద పాలక్యాన్లు, అవతలి ఊళ్ళకి చేపలు తీసుకెళ్ళే ఆడవాళ్ళు. అందరూ జరిగి మధ్యలో చోటిచ్చారు. పెట్టెని అక్కడ దించారు. అప్పటికే ఎండ చుర్రుమంటోంది. మోటారుసైకిలు మీద వెళ్ళే కుర్రాళ్ళు ఇంజన్లు ఆపేశారు.

పెట్టె పక్కనే చేపల బుట్టతో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మావాళ్ళెవరికీ ఆవిడ తెలియదు. తమ్ముడుగారిని తలెత్తి చూసి, "ఎవరండీ?" అని అడగడం రేవులోంచి నాకు వినిపించింది.

"మా అక్కండీ. కాలేజీలో మేడమ్ గారు," అన్నారాయన.

"ఆయ్," అంది ఆవిడ.

తాడు విప్పారు. పంటు మెల్లగా రేవు వదిలింది. ముసలావిడ బుట్ట వెనక నుంచి నల్లగొడుగు ఒకటి తీసి విప్పింది. తన నెత్తి మీద పెట్టుకుంటుందనుకున్నాను. మోకాళ్ళ మీద లేచి, చెయ్యి చాపి, పెట్టె తల వైపు ఎండ పడకుండా పట్టుకుంది. పంటు నడిగోదావరి దాకా వెళ్ళింది. మనుషులు ఎవరెవరో తెలియకుండా పోయింది. పెట్టె కూడా కనిపించలేదు. ఆ గొడుగు మాత్రం అలా కదలకుండా, ఒక్కచోటే నిలబడి, అవతలి ఒడ్డు వైపు వెళ్తూ కనిపించింది.